దాదీమా చేతి మీది తేలు

పోయినేడు షాబాన్ నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక మా ఆపా ఫోన్ చేసింది. "జర ఘర్‌కూ ఆ రే, బచ్చే కా హాత్ సూజ్ గయా" అంది. గొంతులో ఏడుపు లేదు, గుస్సా ఉంది. నేను పోయేసరికి మా భాంజా మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పదిహేడేళ్లవాడు, ఇంటర్ రెండో సంవత్సరం. ఎడమ ముంజేయి లోపలి వైపు ఎర్రగా, వేడిగా, మోచేతి దాకా వాచిపోయింది. ఆ వాపు నడుమ నల్లగా మూడు అక్షరాలు.

దోస్తు గదిలో పొడిపించుకున్నాడట. ఫోన్‌లో ఆర్డర్ పెట్టి సూదుల పాకెట్టు, ఒక సీసా సియాహీ తెప్పించారు. మిషన్ కూడా కాదు. పెన్సిల్‌కు దారంతో సూది కట్టి, వీడియో చూసుకుంటూ ఒక్కొక్క చుక్కే పొడిచారు. సూదిని స్టవ్ మంట మీద చూపించారట, అంతే, పాక్ సాఫ్ అయిపోయిందనుకున్నారు. సియాహీ చిక్కగా ఉందని కుళాయి నీళ్లు కలిపారు. ఇద్దరు దోస్తులకూ అదే సూది.

"ఏం రాయించుకున్నావురా?" అంటే "అమ్మీ అని, ఉర్దూలో" అన్నాడు. వాడికి ఉర్దూ రాదు. మా తరం ఉర్దూ మీడియంలో చదివింది, మా పిల్లల తరం ఇంగ్లిష్ మీడియానికి పోయింది, అది వేరే దాస్తాన్. ఫోన్‌లో కొట్టి చూసిన మాటను ఎడమ నుంచి కుడికి, అక్షరానికి అక్షరం విడివిడిగా దించుకున్నారు. అలిఫ్, మీమ్, యే. మరి ఉర్దూ కుడి నుంచి కదా చదవాలి! నేను చదివితే యే, మీమ్, అలిఫ్. అమ్మీ కాదు, "యమా". ఆ రాత్రి వాడికి ఆ సంగతి చెప్పలేదు.

దవాఖానాలో చీము తీసి కట్టు కట్టారు. ధనుర్వాతం సూది వేశారు, యాంటీబయోటిక్ రాశారు. ఆ తర్వాత డాక్టరమ్మ అడిగిన సవాల్ మా ఆపాకు అర్థం కాలేదు. "చిన్నప్పటి టీకాల కార్డు ఉందా?" అంది. తెల్లారి ఇనుప పెట్టెలో వెతికితే దొరికింది. హెపటైటిస్ బీ డోసులు పడ్డాయి. "ఇది అదృష్టం. కానీ హెపటైటిస్ సీకి టీకా లేదు, హెచ్‌ఐవీకీ లేదు. ఇవాళ రిపోర్టు బాగున్నా ఇవాళ్టిది లెక్క కాదు. మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి మళ్లీ రక్తం ఇవ్వాలి" అంది. ఆరు నెలలు! ఆపా నా ముఖం చూసింది. "దాదీమాకు మల్లే చేసుకున్నాడు చూడు" అంది మెల్లగా.

ఆ మాటతోనే నేను ఈ తారీఖ్ వెతకడం మొదలుపెట్టాను.

మా దాదీమాది కదిరి దగ్గర పల్లె. పుట్టిన సంవత్సరం ఆమెకు తెలియదు. రెండో జంగ్ మొదలయ్యేసరికి నికాహ్ అయిపోయిందని చెప్పేది. గడ్డం మీద ఒక చుక్క, ఎడమ ముంజేతి మీద అయిదు చుక్కల వరస, దాని కింద తేలు. తోక లేని తేలు. చిన్నప్పుడు మేము ఆ తేలును వేలితో తడిమి ఆడుకునేవాళ్లం. "తోకేది దాదీమా?" అంటే "జల్ గయీ" అని చెయ్యి పైటలో దాచుకునేది.

ఎనిమిదో తొమ్మిదో ఏట, ఇంటి సహన్‌లోనే పొడిపించారట. పొడిచింది ఎరుకలామె. గంపలు అల్లేవాళ్లు, సోది చెప్పేవాళ్లు, పచ్చబొట్టు పొడిచేవాళ్లు అప్పట్లో వాళ్లే. పక్కింటి రెడ్ల పిల్లలకు పొడుస్తుంటే మా దాదీమా కూడా మారాం చేసి కూర్చుందట. వాళ్ల అమ్మీ ఒద్దనలేదు. సోలెడు జొన్నలు, ఒక పాత చీర ఇచ్చారు. నొప్పి తెలియకుండా ఆ ఎరుకలామె పాట పాడుతూనే ఉండిందట. ఆ పాట దాదీమాకు సగం గుర్తుండేది, సగం మరిచిపోయేది.

ఇది మా ఖాందాన్ కహానీ మాత్రమే అనుకున్నాను. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1906లో వేసిన పుస్తకంలో అదే కనిపించింది. తమిళనాట కొరవలనీ మన దగ్గర ఎరుకలనీ పిలిచే ఆడవాళ్లు ఊరూరూ తిరిగి పొడవడం, పాట పాడటం, మూడు నాలుగు కుట్టు సూదులు కలిపి కట్టడం, అన్నీ ఉన్నాయి. సియాహీ చేసే తరీఖా చదువుతుంటే నాకు ముచ్చటేసింది. పసుపు పొడి, అవిసె చెట్టు ఆకు కలిపి నూరాలి. ఆ ముద్దను పలచటి గుడ్డకు పట్టించి, వత్తిలా చుట్టి, ఆముదం ప్రమిదలో వెలిగించాలి. పైన కొత్త కుండ బోర్లించాలి. కుండ లోపల పట్టిన మసి గీకి, దాన్ని నీళ్లతోనో తల్లి పాలతోనో కలపాలి. అదీ సియాహీ. పొడిచాక పైన పసుపు రుద్దాలి.

తల్లి పాల మాట చదివి ఆగాను. ఎందుకంటే అది నేను ఇంకోచోట చదివాను. 1930లలో ఇరాక్‌లో తిరిగి అరబ్బు ఆడవాళ్ల పచ్చబొట్ల మీద రాసిన వినిఫ్రెడ్ స్మీటన్ అనే అమెరికన్ స్త్రీ కూడా అదే చెప్పింది: దీపం మసి, పాలిచ్చే తల్లి పాలు, కట్టిన సూదులు. అక్కడ దాన్ని దఖ్ అంటారు. పొడిచేది ఆడవాళ్లే, ఇంట్లోనే. గడ్డం మీద చుక్క, ముంజేతి మీద చుక్కలు. అంటే ఎక్కడో ఫురాత్ నది ఒడ్డున బద్దూ గుడారాల్లో ఉన్న నానీమాలు, కదిరి పక్క పల్లెలో ఉన్న మా దాదీమా, ఒకే జమానాలో ఒకే మసి పొడిపించుకున్నారు.

ఈ మాట ఎందుకు గట్టిగా రాస్తున్నానంటే, మనలో కొందరు పెద్దమనుషులు "మన ఆడవాళ్లకు ఈ జహాలత్ పక్కింటి హిందువుల నుంచి అంటుకుంది" అని తేలిగ్గా తీర్పు చెప్పేస్తారు. అరబ్బుల్లో ఇస్లాంకు ముందు నుంచీ వష్మ్ ఉంది. ఉంది కాబట్టే హదీసుల్లో పొడిచేవాళ్లనూ పొడిపించుకునేవాళ్లనూ తిట్టిన సంగతి వచ్చింది. లేని అలవాటును ఎవరూ మనా చేయరు. మనా చేశాక కూడా పదమూడు వందల ఏళ్లు అరబ్బు పల్లెల్లో, బర్బర్ల కొండల్లో ఆడవాళ్లు పొడిపించుకుంటూనే ఉన్నారు. కితాబ్‌లో ఉన్నది ఒకటి, ఇంటి సహన్‌లో జరిగేది ఒకటి. మన దగ్గరా అంతే.

ఇంకా పాతది కావాలంటే 1991లో ఆల్ప్స్ మంచుకొండల్లో దొరికిన మయ్యిత్ ఉంది. ఏట్జీ అని పేరు పెట్టారు. అయిదు వేల మూడు వందల ఏళ్ల కిందటివాడు. ఒంటి మీద 61 గుర్తులు, అన్నీ గీతలు, క్రాస్ గుర్తులు. బొమ్మ ఒక్కటీ లేదు. చాలావరకు నడుము, మోకాలు, చీలమండ దగ్గర, కీళ్లు అరిగినచోటే ఉన్నాయి. సోకు కాదు, ఇలాజ్ అయి ఉంటుందంటారు. మా దాదాజాన్ కుడి మణికట్టు మీద కూడా మూడు చుక్కలుండేవి. గానుగ తోలితోలి చెయ్యి గుంజుతుంటే ఎవరో పొడిచారట. నొప్పి పోయిందా అని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగేందుకు ఆయన లేడు.

గోద్నా అనే మాట మీకు తెలుసు. మన ఇళ్లలో పచ్చబొట్టును అదే అంటాం, గోదడం అంటే పొడవడం. ఈ మాటకు ఇంకో తారీఖ్ ఉంది, అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1797లో కంపెనీ సర్కార్ బెంగాల్‌లో ఒక కానూన్ చేసింది. జీవిత ఖైదు పడినవాళ్లకు, అబద్ధపు సాక్ష్యం, ఫోర్జరీ లాంటి జుర్ముల్లో దొరికినవాళ్లకు పేషానీ మీద గోద్నా పొడవాలి. పేరు, చేసిన జుర్మ్, సజా పడిన తారీఖ్, అదీ వాళ్ల సొంత జబాన్‌లోనే. చూసిన ఎవరైనా చదవగలగాలి కదా. మద్రాస్ ప్రెసిడెన్సీలోనూ ఈ రివాజ్ నడిచింది. ఠగ్గులని పట్టుకున్నవాళ్లకు ఆ మాటే ముఖం మీద రాశారు. మనం "పేషానీ కా లిఖా" అంటాం, తెలుగులో "నొసటి రాత" అంటారు. దేవుడు తప్ప ఎవరూ చదవలేరనుకున్న ఆ రాతను కంపెనీ జైలర్ సూదితో రాసేశాడు. పినాంగ్, సింగపూర్, మారిషస్ ఓడలెక్కించిన ఖైదీలు ఆ ముఖాలతోనే దిగారు. కొందరు తలపాగా కనుబొమల దాకా దించి కట్టుకున్నారు. కొందరు జుట్టు ముందుకు పెంచారు. కొందరైతే ఆ చర్మాన్నే కోసుకున్నారు. 1849లో ఈ సజా రద్దయింది. క్లేర్ ఆండర్సన్ అనే చరిత్రకారిణి దీని మీద ఒక కితాబే రాసింది.

గోద్నా పోయాక సర్కార్‌కు ఇంకో నిషాన్ దొరికింది. 1858లో హుగ్లీ దగ్గర విలియం హర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టు కాగితం మీద ఒక బెంగాలీ చెయ్యి మొత్తం అద్దించుకున్నాడు. వేలిముద్రల కథ అక్కడ మొదలైంది. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ కానూన్ వచ్చేసరికి, పుట్టుకతోనే దొంగలని సర్కార్ ముద్ర వేసిన కులాలవాళ్లు పోలీసు రిజిస్టర్‌లో వేలిముద్రలు వేయాల్సి వచ్చింది. ఆ కులాల్లో ఎరుకలవాళ్లున్నారు. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టింది వాళ్ల కోసమే. ఊరు దాటాలంటే చీటీ కావాలి. మా దాదీమా చెప్పేది, "గోద్నేవాలీ" వచ్చినప్పుడు మొదట మునసబు ఇంటికి పోయి చీటీ చూపించి ఆ తర్వాతే వీధిలోకి వచ్చేదని. మేము అప్పుడు పట్టించుకోలేదు. పిల్లల చేతుల మీద చుక్కలు పొడిచే ఆమెకు తన వేళ్ల గుర్తులు ఠాణాలో ఉన్నాయి. ఆ కానూన్ 1952లో రద్దయింది. నింద రద్దయిందో లేదో స్టూవర్టుపురం వాళ్లను అడగండి.

సరే, ఖతరా సంగతికి వస్తాను. పాత జమానాలో ఇలా పొడిపించుకుని అందరూ బాగానే ఉన్నారు కదా అని మా భాంజా నాతో వాదించాడు. బాగున్నవాళ్ల చేతులే మనం చూశాం. పోయినవాళ్ల లెక్క ఎవరు రాశారు? దీపం మసి వరకు పెద్దగా భయం లేదు, అది మంటలోంచి వచ్చింది. ఖతరా ఆ తర్వాత మొదలవుతుంది. మసిలో కలిపిన పాలు, నీళ్లు, పదిమంది పిల్లలకు వరసగా దిగిన అవే సూదులు. చర్మంలో ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున పొడిస్తేనే రంగు నిలుస్తుంది. అక్కడ రక్తం ఉంటుంది. పైకి కనిపించేంత రక్తం రాకపోయినా సూదికి అంటుతుంది.

1878లో ఫిలడెల్ఫియా డాక్టర్లు రాశారు: ఒక పచ్చబొట్లవాడు సియాహీని తన ఉమ్మితో తడిపి పొడుస్తూ పోయాడు, పొడిపించుకున్నవాళ్లకు సిఫిలిస్ వచ్చింది. అప్పటికి మిషన్ ఇంకా లేదు. ఎడిసన్ కాగితాల నకళ్లు తీసేందుకు చేసిన కరెంటు పెన్ను 1876 నాటిది. ఆ తరీఖానే పట్టుకుని శామ్యూల్ ఓ'రైలీ న్యూయార్క్‌లో 1891లో పచ్చబొట్టు మిషన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఆఫీసు సామాను ఒంటి మీదికి వచ్చిందన్న మాట. అదే న్యూయార్క్ నగరం 1961లో హెపటైటిస్ బీ భయంతో పచ్చబొట్ల దుకాణాలన్నీ బంద్ చేయించింది, 1997 దాకా తెరవనివ్వలేదు. ఆ వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతుకుతుంది. స్టవ్ మంట మీద ఒక్క క్షణం చూపిస్తే సూది సాఫ్ కాదు. దవాఖానాలో ఆటోక్లేవ్ అనే కుక్కర్ లాంటిదాంట్లో 121 డిగ్రీల ఆవిరిలో పదిహేను నిమిషాలు పెడతారు. ఇంట్లో నీళ్లు వంద డిగ్రీలు దాటవు, ఆ వంద డిగ్రీలు ఓర్చుకునే క్రిములున్నాయి.

కుళాయి నీళ్ల సంగతి వేరే. నీళ్లలో, మట్టిలో ఉండే మైకోబాక్టీరియా అనే జాతి ఒకటుంది, మామూలు యాంటీబయోటిక్‌లకు లొంగదు. 2011లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో ఒకే పచ్చబొట్ల దుకాణంలో పొడిపించుకున్న 19 మందికి అలాంటి ఇన్ఫెక్షన్ వచ్చింది. దుకాణం తప్పు కాదు, సీల్ వేసి అమ్మిన సియాహీలోనే ఉంది. అంత దేశంలో అలా ఉంటే ఫోన్‌లో కొన్న సీసా మీద ఏం భరోసా? మన దేశం సంగతీ చెప్పాలి. ఛత్తీస్‌గఢ్ భిలాయిలో ఒక చర్మవ్యాధుల డాక్టరు పచ్చబొట్టు పొడిచిన చోటే కుష్టు మచ్చలు లేచిన 31 మందిని చూసి 2002లో రాశాడు. వీధుల్లో, జాతరల్లో అందరికీ ఒకే సూదితో పొడిచిన పచ్చబొట్లు. కుష్టు బయటపడేందుకు ఏళ్లు పడుతుంది. అప్పటికి పొడిచినవాడు ఎక్కడో, సూది ఎక్కడో.

(మెహందీ అయితే భయం లేదు కదా అంటారా? ఎర్రగా పండే మామూలు గోరింటాకు అయితే సరే. ఈద్ ముందు గంటలో నల్లగా పండుతుందని అమ్మే కోన్‌లలో కొన్నింటిలో జుట్టు రంగులో వేసే పీపీడీ కలుపుతారు. బొబ్బలెక్కి, బొమ్మ ఆకారంలోనే మచ్చ పడిన పిల్లల్ని మా మొహల్లాలోనే చూశాను. దాని మీద ఇంకోసారి రాస్తాను.)

పొడవడం కన్నా ఇంట్లో తీసేసుకోవడం ఇంకా చెడ్డది. మా దాదీమా తేలు తోక కథ అదే.

ఆమెకు నలభై ఏళ్లప్పుడు ఊళ్లో ఒక ఇజ్తెమా జరిగింది. అందులో ఎవరో బయాన్‌లో అన్నారట, గోద్నా ఉన్నవాళ్ల నమాజ్ ఖబూల్ కాదని. ఆ రోజు నుంచి ఆమె వుజూ మారిపోయింది. మూడుసార్లు కడగాల్సిన చెయ్యిని పదిసార్లు కడిగేది. ఒక రోజు సున్నం, చాకలి సోడా కలిపి ముద్ద చేసి తేలు మీద కట్టుకుని పడుకుంది. తెల్లారేసరికి చర్మం ఊడి వచ్చింది. నెలన్నర పుండు మానలేదు. తోక పోయింది, తేలు పోలేదు.

ఆరో శతాబ్దంలో, నేటి తుర్కియాలోని దియార్‌బకిర్ అయిన అమీదా ఊరి హకీమ్ ఏటియస్ ఒక వైద్య గ్రంథం రాశాడు. అందులో పచ్చబొట్టు సియాహీ నుస్ఖా ఉంది: చెట్టు బెరడు, చిలుము పట్టిన కంచు, మాచికాయ, అన్నభేది లాంటి కసీసు. సైనికుల చేతుల మీద ఇలాంటి గుర్తులుంటాయని కూడా చెప్పాడు. తీసేసే నుస్ఖా కూడా ఉంది. అందులో ఏముందో తెలుసా? సున్నం, జిప్సం, సోడా. పద్నాలుగు వందల ఏళ్ల కిందటి హకీమ్ కితాబు మా దాదీమా చదవలేదు, ఆమెకు అలిఫ్ బే కూడా రాదు. తప్పించుకోవాలనే తహతహ ఉన్నచోట మనిషి చెయ్యి సున్నం డబ్బా మీదికే పోతుందేమో.

ఆ మాటను ఆ బయాన్‌లో అన్నాయన ఫిఖ్ కితాబులు తిరగేసి ఉంటే బాగుండేది. గాయం మానాక కడిగితే ఆ చోటు పాక్ అవుతుంది, చర్మం ఒలుచుకోనక్కర్లేదని మన హనఫీ ఆలిముల్లో ఇబ్నె ఆబిదీన్ రాశాడు. తీస్తే ఒంటికి హాని అవుతుందనుకుంటే తీయనక్కర్లేదు, తౌబా చాలని షాఫయీల్లో ఇమామ్ నవవీ అన్నాడు. చిన్నపిల్లకు పొడిస్తే గునాహ్ పొడిచినవాళ్లది, పిల్లది కాదు. ఎనిమిదేళ్ల పిల్ల చేసిన మారానికి ఆమె ఇరవై అయిదేళ్లు భయపడింది. మా ఊరి మస్జిద్‌కు తర్వాత వచ్చిన ఒక హజ్రత్ ఈ మాట చెప్పాడట, కానీ అప్పటికే తోక కాలిపోయింది. "ఇన్‌షాల్లా మాఫ్ హో జాతా" అని నవ్వేది, చెయ్యి మాత్రం పైటలోనే ఉండేది.

1998లో ఆమె ఇంతెకాల్ అయింది. గుస్ల్ ఇచ్చినవాళ్లలో మా ఫూఫీ ఒకరు. ఈ వ్యాసం కోసం మొన్న ఆమెను అడిగాను. గుస్ల్ ఇచ్చేందుకు వచ్చిన ఒక పెద్దామె ఆ చేతిని చూసి "ఛీ" అందట. ఫూఫీ ఏమీ అనలేదు. ఎడమ చేతి వంతు వచ్చినప్పుడు చెంబు తనే అందుకుని, ఆ తేలు మీద మెల్లగా, బేరి ఆకు వేసి కాచిన నీళ్లు మూడుసార్లు పోసిందట. "పచ్చగా మెరిసింది రే, చిన్నప్పుడెలా ఉండిందో అలాగే" అంది.

మా భాంజా మూడో నెల రిపోర్టు బాగా వచ్చింది. ఆరో నెలది కూడా బాగానే వచ్చింది, అల్‌హమ్దులిల్లాహ్. వాడి దోస్తును కూడా పరీక్ష చేయించమని ఆ పిల్లాడి ఇంటికి మేమే పోయాం. వాళ్ల అబ్బా మొదట తలుపు వేయబోయాడు, తర్వాత కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు, మర్నాడు పిల్లాణ్ని తీసుకుని దవాఖానాకు పోయాడు. కాలేజీలో రక్తదానం క్యాంపు పెడితే మా వాడు లేచాడట. పచ్చబొట్టు పొడిపించుకుని ఏడాది దాటలేదని వెనక్కి పంపారు.

అక్షరాల సంగతి చివరికి నేనే చెప్పాను. కాగితం మీద అలిఫ్, మీమ్, యే కుడి నుంచి కలిపి రాసి చూపించాను. చాలాసేపు తన చేతినీ కాగితాన్నీ చూసుకున్నాడు. లేజర్‌తో తీయించాలంటే ఎన్నోసార్లు పోవాలి, ఖర్చు చాలా అవుతుంది, కట్టు కట్టిన చోట మచ్చ ఎలాగూ ఉంటుందని చర్మం డాక్టరు చెప్పాడు. "సున్నం పెట్టుకోను లే మామూ" అన్నాడు నాతో, దాదీమా కథ విన్నాక. ఆపా వంటింట్లోంచి అరిచింది: "యమా అయితే యమా, ఉండనీ. ముందు ఆ పిల్లాడికి ఉర్దూ నేర్పు."

ఆదివారాలు సాయంత్రం వస్తున్నాడు. ఇప్పుడు జీమ్ దాకా వచ్చాం.